కొవ్వు బురుజు తలుపు

హెర్మన్‌స్టాట్,
4 ఫిబ్రవరి 1973

రోసినా అక్కకు,

ఈ చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి నీకు కాసేపు పట్టి ఉంటుంది. అమ్మ పోయినప్పుడు నువ్వు రాసిన కార్డుకు నేను జవాబివ్వలేదు. తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆఫీసు పని మీదే. ఆ మాట ముందే చెప్పేస్తే ఇద్దరికీ సుఖం.

మన ఎర్లెన్‌డోర్ఫ్ చర్చిని మా ఆఫీసు ఈ ఏడాది మరమ్మతుల జాబితాలో చేర్చింది. కొలతలు తీసి నివేదిక ఇచ్చే పని నా మీద పడింది. పుట్టిన ఊరు కాబట్టి నాకు తేలికని మా డైరెక్టరుగారి నమ్మకం. అక్టోబరులో ఇద్దరు సహోద్యోగులతో వచ్చి ఒక పూట చూశాను. కొన్ని సందేహాలు మిగిలాయి. తాళాలు చూసుకునేది నువ్వు కాబట్టి నువ్వే తీర్చాలి.

లోపల దక్షిణపు గోడలో పూడ్చేసిన గుండ్రటి కమానులు అయిదు ఉన్నాయి. ఉత్తరాన నాకు నాలుగే దొరికాయి. సున్నం దట్టంగా కొట్టేశారు, కంటికి ఆనదు. వేళ్ళ కణుపులతో తట్టి చూడు, పూడ్చిన చోట మోత వేరుగా ఉంటుంది. బలిపీఠం మీది కప్పుకు పైన, తురకల దాడుల కాలంలో లేపిన కావలి అంతస్తు ఉంది కదా, అక్కడ తూర్పు గోడ మందం ఎంతో కొలిచి రాయి.

ఆ గోడ దగ్గరే ఇంకో సంగతి. 1911లో గీసిన పటంలో ఆ అంతస్తు నుంచి ప్రహరీ మీది కావలి దారిలోకి ఒక చిన్న తలుపు ఉంది. ఆ దారి నేరుగా కొవ్వు బురుజుకు పోతుంది. నేను వచ్చినప్పుడు అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. పటాలు గీసేవాళ్ళు కూడా అప్పుడప్పుడూ ఊహించి గీస్తారు. తలుపు ఉండేదా?

పెదనాన్న ఆరోగ్యం ఎలా ఉంది?

ఆగ్నెథా


ఎర్లెన్‌డోర్ఫ్,
11 ఫిబ్రవరి

ఆగ్నెథాకు,

అక్టోబరు పంతొమ్మిది, గురువారం. నేను పన్ను పీకించుకోవడానికి మెడియాష్ వెళ్ళిన రోజు చూసుకుని వచ్చావు. పాస్టరుగారి దగ్గర తాళాలు పుచ్చుకుని మా వాకిలి ముందు నుంచే నడిచి వెళ్ళావు. కిటికీలోంచి నాన్న చూశాడు. నేను వాచిన బుగ్గతో ఇంటికొస్తే, “ఆగ్నె వచ్చింది” అన్నాడు. “ఏదీ?” అంటే, “వెళ్ళిపోయింది” అన్నాడు. అంతే. మా ఇంట్లో నీకు ఒక కప్పు కాఫీ కూడా పుట్టదనుకున్నావా?

నీ పని చేసిపెట్టాను. ఉత్తరాన అయిదో కమాను ప్రసంగ వేదిక మెట్ల వెనక ఉంది. తట్టినందుకు వేలు కమిలింది. తూర్పు గోడ నా మూరతో మూడున్నర. నీ సెంటీమీటర్లు నువ్వు చేసుకో.

తలుపు లేదు. ఎప్పుడూ లేదు. 1911లో గీసినాయన ప్లమ్ సారా ఎంత పట్టించాడో ఏమో.

ఇక్కడ నన్ను జనం వేరే అడుగుతున్నారు. ఆదివారం బురుజు తాళం తీశాను. ఎప్పటిలాగే అందరూ కత్తులు పట్టుకుని వచ్చి ఎవరి కొక్కెం దగ్గర వాళ్ళు నిలబడి, అక్కడ వేలాడే తమ పంది కొవ్వు పలక నుంచి వారానికి సరిపడా కోసుకుంటున్నారు. ట్రేని అత్త తన పలక కోసి, కోసిన అంచు మీద ఇంటి నంబరు ముద్ర కొట్టి, నా వైపు తిరిగింది.

“ఏమే రోసినా, పట్నంలో ఉన్న మీ చెల్లెలు మన బురుజు పీకిస్తోందంటగా? మరి ఈ కొవ్వంతా ఎక్కడ వేలాడదీసుకోవాలి, ఆవిడ మెడకా?”

“నాకేం తెలుసత్తా? నాకు కొలతలే అడిగింది.”

“బట్టలు కుట్టేవాడూ కొలతలే అడుగుతాడు, శవపెట్టె చేసేవాడూ కొలతలే అడుగుతాడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. నిజం చెప్పు ఆగ్నె, ఏం కూలుస్తారు?

మీ ముప్పయ్యొకటో నంబరు ఇంటి కొక్కేనికి ఈ ఏడు కూడా పలక వేలాడదీశాం. అది ఖాళీగా ఉంటే నాన్న ఊరుకోడు. ఇంకోమాట. నీ కవరు జిగురు రెండుసార్లు అంటించినట్టుంది. అది నువ్వా, దారిలో ఇంకెవరైనానా?

రోసినా


హెర్మన్‌స్టాట్,
25 ఫిబ్రవరి

రోసినా అక్కకు,

కవరు విప్పి మళ్ళీ అంటించింది నేనే. ఉత్తరంలోంచి ఒక వాక్యం తీసేయడానికి. ఆ వాక్యం ఈసారైనా చివరిదాకా మిగులుతుందో లేదో రాస్తూ రాస్తూ చూస్తాను.

కూల్చడం గురించి అడిగావు, దాచను. మా డైరెక్టరుగారికి పదమూడో శతాబ్దం కావాలి. 1230 ప్రాంతంలో కట్టినప్పుడు అది మూడు నడవల రోమనెస్క్ చర్చి. మధ్య నడవ ఎత్తు, పక్క నడవలు పొట్టి, మధ్యలో ఆ పది గుండ్రటి కమానులు, పడమటి వాకిలికి మెట్లు మెట్లుగా లోపలికి దిగే రాతి స్తంభాలు. ఆయన దృష్టిలో అసలు చర్చి అదే. ఆ తరవాత వచ్చినదంతా మురికి. మురికి కడిగేయాలి: కావలి అంతస్తు, ప్రహరీ మీది చెక్క దారి, కొవ్వు బురుజు.

నాకు అంత నమ్మకంగా ఏదీ అనిపించదు, నీకు తెలుసుగా. దాడులు మొదలయ్యాక ఊరివాళ్ళు తమ చర్చి పక్క నడవల్ని తామే పడగొట్టారు. చుట్టుకొలత తగ్గితే కాపాడుకోవడం తేలిక. పడగొట్టిన రాళ్ళతోనే కమానులు పూడ్చారు. పీఠం మీద అంతస్తు లేపి, కిందికి మరిగే నీళ్ళు పోయడానికి కంతలు వదిలారు. సగం చర్చిని కూల్చుకుని మిగతా సగాన్ని దక్కించుకున్న ఊరు మనది. అలాంటప్పుడు ఏది చర్చి, ఏది మురికి? ఇరవయ్యేళ్ళుగా ఇదే చదువుతున్నాను, ఇంకా చెప్పలేను.

కానీ ఒక్కటి చెప్పగలను. ఆ తూర్పు గోడ అంతా రాయి. ఒక్కచోట మాత్రం మనిషి వంగి దూరేంత మేర ఇటుక ఉంది. ఇటుకల సందుల్లో సిమెంటు కలిపిన సున్నం. తురకల కాలంలో సిమెంటు లేదక్కా. ప్రతి సందునూ బొటనవేలితో అదిమి కిందికి లాగిన గుర్తుంది. వేలు కొంచెం ఎడమకు తిరిగి ఉంది. మీ ఇంట్లో రొట్టెల పొయ్యి కట్టిన మనిషి పక్కన నేను రోజంతా కూర్చున్నాను. ఆయన బొటనవేలి వంకర నాకు తెలుసు.

తలుపు ఎప్పుడూ లేదని ఎందుకు రాశావు?

ఇదిగో ఆ వాక్యం. 1945 జనవరిలో, పై అంతస్తు తాళంచెవి పెదనాన్న దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉండేది?

ఆగ్నెథా


ఎర్లెన్‌డోర్ఫ్,
4 మార్చి

ఆగ్నె,

అలాగా. కమానులు తట్టమన్నావు, గోడలు కొలవమన్నావు. నీకు కావలసింది మాత్రం ఇది. నా కమిలిన వేలు నాకు తిరిగిచ్చెయ్.

నువ్వు అడగలేనిది నేనే రాస్తాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు రాయాలిగా.

ఆ జనవరిలో రష్యా బొగ్గుగనుల కోసం, జర్మన్లమని, మన సాక్సన్ ఊళ్ళ నుంచి మనుషుల్ని లెక్కపెట్టి తీసుకెళ్ళారు. పద్దెనిమిది దాటిన ఆడపిల్లలు కూడా. మా సారక్క, నీ సొంత అక్క, జాబితాలో ఉంది. గురువారం తెల్లవారేసరికి ఆమె కనపడలేదు. లెక్కలో ఒకరు తక్కువయ్యారు. నాకు పదిహేడే, అయినా ఆమెకు బదులు ఆమె పెదనాన్న కూతురు సరిపోతుందన్నారు. తీసుకెళ్ళేవాళ్ళను ఉంచిన స్కూల్లో మూడు రోజులు గడ్డి మీద పడుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం నా పేరు పిలిచి, “నువ్వు ఇంటికి పో” అన్నారు. గేటు దాటుతుంటే ఇద్దరు సైనికుల మధ్య సారక్క ఎదురొచ్చింది. 

“లోపల పొయ్యి ఉందా?” అని అడిగింది.

“ఉంది. కిటికీ పక్కన పడుకోకు” అన్నాను.

మేం మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. మరుసటి ఏడాదికి ఆమె లేదు. చర్చి పై అంతస్తులో దాక్కుని దొరికిందని ఆ సాయంత్రమే విన్నాను. తాళం ఎవరి దగ్గర ఉండేదో నాకు తెలియదా? మా నాన్న కూతురు ఇంటికొచ్చింది, మీ అమ్మ కూతురు వెళ్ళిపోయింది. నువ్వు వేసుకున్న లెక్క నేనూ వేశాను ఆగ్నె. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటూ వేస్తున్నాను. నీకు ఆయన్ను చూడకుండా ఉండే వీలైనా ఉంది.

తలుపు ఉండేది. ఆ ఏడు ఈస్టరుకు ముందు ఆయనే మూశాడు. ఎందుకని అడిగితే ఈదురుగాలి అన్నాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో జరిగింది కూడా రాస్తాను.

“ఏమడిగింది?”

“తలుపు సంగతి.”

“లేదని రాయి.”

“రాశాను నాన్నా. నమ్మలేదు. నీ బొటనవేలు చూసి పట్టేసింది.”

ఆయన వేలు చూసుకున్నాడు. కాస్త గర్వంగానే అనుకుంటా. తరవాత, “చదువు బాగానే వంటబట్టింది. మళ్ళీ లేదని రాయి” అన్నాడు.

రోసినా


హెర్మన్‌స్టాట్,
12 మార్చి

రోసినా అక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు నమ్మాను.

నాలుగోసారి అనుమానం వచ్చింది. నీకూ అనుమానమేనని చెబితే నేను మెత్తబడతానని రాశావేమో అని. నీ మీద ఇలా అనుకోవడం తప్పే. అయినా అనుకున్నాను, దాచడం ఎందుకు?

నీకు తెలియని ఒక రోజు గురించి చెబుతాను. ఆ ఏడు నాకు పదిహేనేళ్ళు. వసంతంలో పాస్టరుగారి దీవెన అందుకుని, పూలకిరీటంతోనే మీ వాకిట్లోకి వచ్చాను. నువ్వు చేలో ఉన్నావు. పెదనాన్న గొడ్డలికి పదును పెడుతున్నారు. “సారక్క ఎక్కడుందో వాళ్ళకు నువ్వే చెప్పావు కదూ” అన్నాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. అవుననలేదు, కాదనలేదు. తప్పు చేయనివాడు కాదంటాడు అక్కా. కోపగించుకుంటాడు, చెంప మీద కొడతాడు. ఆయన టోపీ తీశారు. ఆ తరవాత నేను మీ ఇంటికి రాలేదు.

నివేదిక ఏప్రిల్ ఇరవైలోగా ఇవ్వాలి. రెండు రాసి పెట్టుకున్నాను. ఒకటి డైరెక్టరుగారు కోరినట్టు, మురికి కడిగేది. రెండోది, ఒక్క రాయి కూడా కదిలించొద్దని చెప్పేది. వాదనలు రెండింటికీ ఉన్నాయి. ఏ నివేదిక మీద సంతకం పెట్టినా ఈ నగరంలో నన్ను ఎవరూ తప్పుపట్టరు. పెదనాన్న నోటి నుంచి నిజం రావాలి. వస్తే ఆ బురుజు గురించి నేను ప్రశాంతంగా ఆలోచించగలను. రాకపోతే ఎలా ఆలోచిస్తానో నాకే తెలియదు.

ఇది బెదిరింపులా ఉంది కదూ. తిరిగి చదివితే నాకూ అలాగే ఉంది. చింపడం లేదు.

ఆగ్నెథా


ఎర్లెన్‌డోర్ఫ్,
29 మార్చి

ఆగ్నె,

నీ ఉత్తరం నాన్నకు వినిపించాను. ముందు బెదిరింపు వదిలేసి చదివాను. “మధ్యలో గుటక వేశావు, అదీ చదువు” అన్నాడు. చదివాను.

“మరి రాసుకో” అన్నాడు. “నేనే చెప్పాను. శనివారం సాయంత్రం పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఆ అధికారికి చెప్పాను. నా పిల్ల ఇంటికి రావాలి కాబట్టి చెప్పాను. ఏ తండ్రయినా చెబుతాడు. మిషెల్ గునెష్ అని సంతకం పెట్టు. బురుజు జోలికి రావద్దని కింద రాయి.”

నేను రాసుకున్నాను. కాగితం నా దగ్గరే ఉంది. సంతకం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. పైగా శనివారం సాయంత్రం చెబితే ఆదివారం మధ్యాహ్నం దాకా వాళ్ళెందుకు ఆగారు? చర్చి పంచాయతీ ఆఫీసుకు ఎదురుగానేగా. “నాన్నా, నీకు అబద్ధం చెప్పడం చేతకాదు” అన్నాను. “ఇన్నాళ్ళూ చేతనయిందిగా” అన్నాడు. ఆ మాట జారాక మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు ట్రేని అత్త ఇంటికి వెళ్ళాను. ఆమె మొగుడు అప్పుడు మన వాడకు పెద్ద. ఆదివారాల్లో బురుజులో ఆయనే కాపలా ఉండేవాడు. సారక్క దొరికిన ఆ ఆదివారం అత్త కూడా అక్కడే ఉంది. నేనేమో ఆ పూట స్కూల్లో గడ్డి మీద ఉన్నాను కాబట్టి నాకేమీ తెలియదు. అత్త పిండి పిసుకుతూ ఉంది. పిసకడం ఆపలేదు.

“మీ నాన్న చెప్పడమేంటే మొద్దూ! ఆమెను పైన దాచిందే ఆయన.”

“మరి నన్ను తీసుకెళ్ళాక?”

“తీసుకెళ్ళాక కూడా చెప్పలేదు. గురువారం, శుక్రవారం, శనివారం, చర్చి మెట్ల మీద బండరాయిలా కూర్చున్నాడు. మీ అమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చింది. ‘ఒకదాని కోసం ఇంకోదాన్ని ఇచ్చే చెయ్యి కాదిది’ అన్నాడు.”

నా తండ్రి నన్ను అమ్మలేదు, సారక్కనూ అమ్మలేదు. నన్ను పోనివ్వడానికి సిద్ధపడ్డాడు. దీనికి సంతోషించాలో ఏడవాలో ఇంకా తేల్చుకోలేదు. తేలాక నీకు రాస్తాను, లేదా రాయను.

మిగతాది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. నాన్న వద్దన్నాడు. నువ్వేమో నిజం కావాలన్నావు, దాని మీద బురుజును పందెం పెట్టావు. అందుకే రాస్తున్నాను.

నాన్న ఆమెకు రొట్టె ఇచ్చేవాడు. అది సరిపోలేదో ఏమో, శనివారం పగలు సారక్క ఆ చిన్న తలుపులోంచి కావలి దారి మీదుగా బురుజుకు వెళ్ళింది. మీ ఇంటి పలకే కోసుకుంది, వేరే ఎవరిదీ ముట్టలేదు. కోసి, ముద్రలు వేలాడే మేకు నుంచి మీ ఇంటి ముద్ర తీసి, అంచు మీద కొట్టి, మళ్ళీ మేకుకు తగిలించి వెళ్ళింది. ప్రాణం దాచుకున్న మనిషి ముద్ర ఎందుకు కొడుతుందని ఊరు కానివాళ్ళు అడుగుతారు. నువ్వు అడగవు. ముద్ర లేని కోత కనిపిస్తే ఊళ్ళో ఎవరో ఒకరి మీద దొంగతనం పడుతుంది. మనకు నడక కంటే ముందు నేర్పింది అది.

ఆదివారం మీ అమ్మకు ఒంట్లో బాగోలేదు. కొవ్వు కోసుకు రమ్మని నిన్ను పంపింది. పలక నాలుగు వేళ్ళ మేర తగ్గి ఉండటం చూసి నువ్వు అరిచావట. “మా పలక కోశారు! దొంగ! దొంగ పడ్డాడు!” అని. అలా అరవమని కూడా మనకు చిన్నప్పుడే నేర్పారు. ట్రేని అత్త మొగుడు పరుగున వచ్చి పలక తిప్పి చూశాడు. మీ ఇంటి ముద్రే, మసి ఇంకా ఆరలేదు. ఆయనకు అర్థమయింది. బొటనవేలితో తుడిచేయబోయాడు. అప్పటికే కేకలు విని గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసు, జెండార్మ్, లోపలికొచ్చాడు. వాడు పక్క ఊరివాడే, మన కొవ్వు తిన్నవాడే, ముద్రల సంగతి ఎరిగినవాడే.

“ముప్పయ్యొకటిలో ఎవరెవరున్నారు?” అని నిన్నడిగాడు.

“అమ్మా, నేనూ. ఇంకెవరూ లేరు” అన్నావు.

“ఇది నువ్వు కోశావా?”

“లేదు.”

“మీ అమ్మ?”

“మంచం మీద ఉంది.”

అంతే ఆగ్నె. ట్రేని అత్త నిన్ను చెయ్యి పట్టుకుని వేరే దారిలో ఇంటికి ఈడ్చుకెళ్ళింది. ఆ తరవాతి అరగంటలో వాళ్ళు ఆ చిన్న తలుపులోంచి పైకి వెళ్ళి సారక్కను పట్టుకోవడం నువ్వు చూడలేదు.

తలుపు సంగతి నాన్ననే మళ్ళీ అడిగాను. ఇంక దాచలేకపోయాడు. ఆ ఫిబ్రవరిలో నువ్వు వచ్చి, “పెదనాన్నా, ఆ దొంగ ఎటునుంచి వచ్చాడో వెతుకుదాం పద” అని ఆయన చెయ్యి పట్టుకుని లాగావట. రెండుసార్లు. మూడోసారి నువ్వొచ్చేలోగా ఇటుకలు పేర్చేశాడు. దీవెన రోజున నువ్వు అడిగింది కూడా ఆయనకు గుర్తుంది. “కాదంటే, మరెవరని అడిగేది కదా” అన్నాడు.

రోసినా


హెర్మన్‌స్టాట్,
3 ఏప్రిల్

రోసినా గారికి,

ఆ ఆదివారం జ్వరంతో పడుకున్నది అమ్మ కాదు, నేను. నాకు స్పష్టంగా గుర్తుంది. ట్రేని అత్తకు ఎనభై దాటాయి. ఆమె ఎవరినో చూసి నేననుకుని ఉంటుంది. మీ నాన్నగారిని కాపాడుకోవడానికి మీరు ఇంత దూరం వస్తారని ఊహించలేదు.

నివేదిక విషయంలో ఇక ఉత్తరాలు అవసరం లేదు.

ఆగ్నెథా షెరర్


ఎర్లెన్‌డోర్ఫ్,
8 ఏప్రిల్

ఆగ్నె,

సరే. జ్వరమే. నాన్న కూడా అలాగే రాయమన్నాడు.

ఆయన చెప్పగా నేను రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టించి పంపుతున్నాను. నీకు ఏది కావాలో అది ఉంచుకో.

రోసినా


హెర్మన్‌స్టాట్,
18 ఏప్రిల్

అక్కా,

పెదనాన్న కాగితాన్ని వారం రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. “నేనే చెప్పాను.” పక్కన ఆయన సంతకం. నాకు కావలసింది సరిగ్గా అదే కదా. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే ఆయనను ద్వేషిస్తూ వచ్చాను. వచ్చింది. అక్షరం అక్షరం చదివాను. ఒక్క అక్షరం కూడా నమ్మలేకపోయాను.

నాకు జ్వరం రాలేదు అక్కా.

గళ్ళ గుడ్డలో చుట్టిన కత్తి చంకలో పెట్టుకుని వెళ్ళాను. బురుజు లోపల చలికి అందరి నోళ్ళలోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఇవన్నీ నాకెప్పుడూ గుర్తే. కానీ వాటిని వేరే ఏదో ఆదివారంలో పెట్టుకున్నాను. నేను అరవగానే అందరూ నా వైపు తిరిగారు. అంతమంది పెద్దవాళ్ళు, కత్తులు పట్టుకుని, నేనేం చెబుతానా అని చూశారు. సారక్క కనపడకుండా పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో నన్నెవరూ పట్టించుకోలేదు. ఆ నిమిషం నాకు బాగుంది. ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. జెండార్మ్ అడిగినప్పుడు గట్టిగా, పొల్లు పోకుండా జవాబులు చెప్పాను, పరీక్షలో చెప్పినట్టు. వాడు, “తెలివైన పిల్ల” అన్నాడు. ట్రేని అత్తను అడుగు, ఆ మాట విన్నదో లేదో. నీకు చెప్పకుండా ఆమె దాచి ఉంటుంది.

అనుమానించడం నాకెప్పుడూ తేలికే. గోడలను చూసి, ఇది ముందుది, ఇది తరవాతిది, ఇక్కడ ఎవరో ఏదో దాచారు అని చెప్పడమే నా ఉద్యోగం. ఇంత చదువుకున్నదాన్ని, ఆ ఇటుకల మీది వేలిముద్రలు చూసి ఆయన ఏదో దాచాడని వెంటనే కనిపెట్టాను. ఎవరి కోసం దాచాడని ఒక్కసారి కూడా అడగలేదు.

పెదనాన్నకు ఏం రాయాలో తెలియడం లేదు. క్షమించమంటే ఆయన మళ్ళీ జ్వరం అంటారు. కాగితం వెనక్కి పంపుతున్నాను, పొయ్యిలో వేయమని చెప్పు. శనివారం ఉదయం బస్సుకు వస్తున్నాను. ఆయన నన్ను కూర్చోమంటే కూర్చుంటాను.

నివేదిక నిన్న ఇచ్చేశాను. చింపాల్సింది చింపి, మిగిలినది మళ్ళీ మొదటి నుంచి రాశాను. మా పద్ధతిలో, కట్టడంలో మూసేసిన ప్రతి వాకిలికీ, కిటికీకీ మూడు గళ్ళు నింపాలి. ఎప్పుడు మూశారు, ఎవరు మూశారు, ఎందుకు మూశారు. నడవల కమానులు పదింటికీ, “1490 ప్రాంతం, ఊరివాళ్ళు, రక్షణ కోసం” అని రాశాను. పీఠం వెనక సన్నటి కిటికీలు మూడింటికీ అదే. పై అంతస్తు తలుపు దగ్గరికొచ్చేసరికి, “1945 మార్చి, మిషెల్ గునెష్” అని రాసి, మూడో గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చివరికి పై వరుసల్లో రాసిందే, “రక్షణ కోసం” అని రాశాను. వీటిలో ఏదీ తెరవకూడదనీ, ఏదీ కూల్చకూడదనీ కింద సిఫారసు చేశాను.

డైరెక్టరుగారు చదువుతూ చదువుతూ ఆ వరుస దగ్గర పెన్సిలు ఆపారు. బురుజు మీద ఆయన ఆశ వదులుకోలేదు. శరదృతువులో ఇంకొకరితో మళ్ళీ నివేదిక రాయిస్తానన్నారు. నా సంతకం ఉన్నంతవరకూ ఎవరూ తాకలేరని నేనూ అన్నాను. ఆయన గొంతు కాస్త పెరిగింది.

“కమానులు సరే, దాడులు జరిగాయి. నలభై అయిదు మార్చిలో, అప్పటికే అందరినీ తీసుకెళ్ళిపోయాక, ఆ తలుపు మూసి ఎవరిని రక్షించారమ్మా?”

“నన్నండీ” అన్నాను.

ఆగ్నె